నాలుగో కాలు ఊగిన బల్ల

బాపూ,

నా చేతికి ఒక్కసారైనా ఉలి ఎందుకు ఇవ్వలేదు? అడగాలనుకుంటూనే నలభై దాటాను. నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది.

పాత బంగ్లాల్లో కుర్చీ పక్కన ఉండే చిన్న బల్లలకు నువ్వు నకళ్లు చేసేవాడివి కదా, అలాంటిదొకటి మన శామీర్‌పేట ఇంటి వరండాలో నీ ఉలితోనే చేశాను. టేకు చెక్క, సన్నటి కాళ్లు, ఒక్క మేకు లేదు. మూడు కాళ్లు బాగానే బిగిశాయి. నాలుగోదానికి బెజ్జం ఎక్కువ తొలిచేశాను. కాలు ఊగింది.

నీతో పనిచేసిన యాదగిరి చిన్నాయిన వచ్చి చూసి నవ్వాడు. "గిదేంది బిడ్డా, బెజ్జమా, ఎలుక బొక్కనా?" అంటూ పలచటి టేకు ముక్క చెక్కి సందులో దిగగొట్టాడు. కాలు ఇక కదల్లేదు. నువ్వు నాకు ఉలి ఎందుకివ్వలేదో ఆయన్నే అడిగాను.

"సదువుకునే పిల్ల, వేలు తెగితే ఎట్ల అని మీ బాపు మస్తు పరేషానయ్యేటోడు" అన్నాడు.

తమ్ముడూ చదువుకునేవాడే. వాడికి ఎనిమిదో తరగతిలోనే ఉలి ఇచ్చావు. చిన్నాయినకు టీ పోసి ఇచ్చాను.

బల్ల నిలబడింది. నాకు సంతోషమూ రాలేదు, ఏడుపూ రాలేదు. నా వేళ్ల మీది ప్రేమతో ఇవ్వలేదా, ఆడపిల్లనని ఇవ్వలేదా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.