బండి వెనక ఎర్రబిళ్ళ

3 ఫిబ్రవరి 1966

దొరికింది! ఇన్నాళ్ళూ నా సైకిళ్ళ కొట్లోనే ఉంది, నా కళ్ళే ఎక్కడో ఉన్నాయి.

సాయంత్రం ఖాజా అన్న ఎవరి సైకిలుకో గాలి కొడుతున్నాడు. గూడూరు బస్సు మలుపు తిరిగింది. లైట్లు కొట్లోకి పడ్డాయి. సైకిలు మడ్‌గార్డు మీది ఎర్రబిళ్ళ భగ్గున వెలిగింది! దీపం లేదు, నూనె లేదు, వత్తి లేదు. ఇదే బిళ్ళ ఎద్దులబండి వెనక ఉంటే?

పోయిన ఏడు మంచులో సుబ్బరాయుడి గడ్డిబండి బస్సు తోలుతున్న అన్నకు కనబడి ఉండేది కదా. పాపం, బండిమీద నిద్రపోతున్న మనిషి నిద్రలోనే పోయాడు. అన్న బస్సు మెల్లగానే నడిపాడని కేసు కొట్టేశారు. కొట్టేస్తే ఏం? స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని ఏడాదిగా నా కొట్లో పంపు కొడుతూ కూర్చున్నాడు. ఖాజా డ్రైవరంటే మా కోట ఊళ్ళో ఎవరికి తెలియదు!

4 ఫిబ్రవరి

అన్నతో చెప్పాను. పంపు ఆపలేదు. "ఈ పంట అయ్యేదాకా ఆ గూడూరు రోడ్డుమీద ఒక్క పీనుగ లేవకపోతే... అప్పుడు ఎక్కుతాలేరా మస్తానూ."

పోయిన పంటకు ముగ్గురు పోయిన రోడ్డు అది. అయినా సరే. అన్న మాటంటే మాటే. లోపల వదిన గిన్నెలు తోమడం ఆపి వింటున్నది, నాకు తెలుసు.

9 ఫిబ్రవరి

బస్సు ఓనరు గారు ఒప్పుకున్నారు!! మద్రాసు నుంచి పెట్టెడు బిళ్ళలు తెప్పిస్తారట. "నాకు మీ అన్న కావాలయ్యా. వీళ్ళెవరికీ గేరు మార్చడం చాతకాదు."

14 ఫిబ్రవరి

మొదటి బిళ్ళ చిట్టేడు వెంకయ్య బండికి. నేనే తీగతో వెనక కట్టాను. పొద్దున వెనక కడితే మధ్యాహ్నానికి ఎద్దు నుదుటి మీదుంది!

"వెనకాల ఎవురు చూస్తారబ్బయా? ఇక్కడయితే దిష్టి తగలదు. ఎంత అందంగా ఉండాదో చూడు."

నవ్వాలా, నెత్తి కొట్టుకోవాలా? ముందు ఎర్రగా కనబడితే ఎదురొచ్చే డ్రైవరు అది తన ముందే పోతున్న బండి అనుకుంటాడని మొత్తుకున్నాను. తల ఊపుతాడు, బిళ్ళ మాత్రం తీయడు. చివరికి ఎద్దు మెడకు ఒక ఇత్తడి గంట కొనిచ్చి, బిళ్ళను వెనక్కి పంపించాను.

20 ఫిబ్రవరి

ఎస్సై గారు కూడా మనవైపే. బిళ్ళ లేని బండిని గూడూరు పొలిమేరలో ఆపి ఫైను వేస్తారట. కావిలించుకోబోయి, ఖాకీ చూసి ఆగాను.

21 ఫిబ్రవరి

కొట్టు ముందు బండ్లే బండ్లు. అన్నం తినే తీరిక లేదు. చేతుల నిండా తీగ గీతలు. ఎంత హాయిగా ఉందో!

2 మార్చి

దొంగలు పడ్డారు. బండివాడు కునుకు తీస్తే చాలు, వెనకనుంచి బిళ్ళ పీక్కుపోతున్నారు. సైకిళ్ళ పిల్లకాయలే, అనుమానం లేదు. బిళ్ళ పోతే గూడూరులో ఫైను. బండివాళ్ళు వచ్చి నామీద పడుతున్నారు. తీగతో లాభం లేదు, ఎవడూ పీకకుండా బోల్టు దించి కొస అణగ్గొట్టాలి. కమ్మరికి చెప్పాను. కోతలయ్యేదాకా కొడవళ్ళతోనే సరిపోతుందన్నాడు.

18 మార్చి

ఇంతవరకు ఎవరూ పోలేదు. రాస్తే దిష్టి తగులుతుందేమో... రాసేశాను.

5 ఏప్రిల్

అయిపోయాయి. కోతలు అయిపోయాయి, వడ్లబండ్లు అయిపోయాయి. ఒక్క ప్రాణం పోలేదు! ఒక్కటి కూడా!

టీ కొట్లో ఒకటే గోల. నా ఫైనుకు భయపడి అని ఎస్సై గారు. నేను బస్సుకు వేయించిన కొత్త లైట్లు అని ఓనరు గారు. మలుపులో తుమ్మచెట్లు కొట్టించింది ఎవరు అని పంచాయతీ ప్రెసిడెంటు గారు. దర్గాలో చదివింపులు నేను చేయించానని వదిన ఇంట్లో అంటున్నది. అందరినీ అననిచ్చి నేను నవ్వుకున్నాను. బిళ్ళ నాది!

అన్న ఇంటికొచ్చి అడిగాడు: "నా ఖాకీ చొక్కా యాడ పెట్టినారు?" వదిన ఏడ్చేసింది. ఎల్లుండి మొదటి బస్సు అన్నదే.

6 ఏప్రిల్

నిద్ర పట్టక, తెల్లవారక ముందే సైకిలెక్కి చిట్టేడు కల్వర్టు దగ్గర కూర్చున్నాను. నా బిళ్ళలు వెలగడం కళ్ళారా చూద్దామని.

ఇంకా మిగిలిన గడ్డిబండ్లు వరసగా వస్తున్నాయి. వెనకనుంచి బస్సు లైట్లు పడ్డాయి. ఒక్క బిళ్ళా వెలగలేదు. గడ్డి కిందిదాకా వేలాడి అన్నిటినీ కప్పేసింది. కనబడిన ఒకటీ అరా బురద కొట్టుకుని ఉంది. మరి ఎవరూ ఎందుకు పోలేదు?

ఆఖరి బండి వెనక వంగి గడ్డి పక్కకు తీసి చూస్తున్నాను. పైనుంచి ముల్లుగర్రతో ఒక మనిషి దూకాడు.

"ఎవుడ్రా అది! బిళ్ళమీద చెయ్యేస్తే చెయ్యి నరుకుతా!"

వెంకయ్య. నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు. కళ్ళు చింతనిప్పులు. "నెల్రోజులుగా బండిమీద కునుకు తీసి ఎరగం అబ్బయా. నీ బిళ్ళకు కాపలాతోనే సరిపోతా ఉండాది. అందురూ అంతే."

అందరూ మేలుకుని ఉన్నారు! అందుకే, బస్సు హారను వినగానే బండి పక్కకు తప్పుకుంటున్నది. నా బిళ్ళ కాదు, బిళ్ళ పోతుందన్న భయం. రోడ్డుమీద నిలబడి పిచ్చివాడిలా నవ్వాను. వెంకయ్య కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

సాయంత్రం కమ్మరి బోల్టుల సంచీ తెచ్చి కొట్లో పడేశాడు. సంగతి వెంకయ్యకు ఎవరు చెప్పారో, పరుగున వచ్చాడు. "రేపు పొద్దున్నే నాకు బిగించబ్బయా. ఇంక కాస్త కన్ను మూస్తాం." పగలంతా గడ్డి ఎత్తి రాత్రంతా బండి తోలే మనిషి. నిద్రపోవద్దని చెప్పడానికి నేనెవర్ని? బిగిస్తే నిద్రపోతాడు, గడ్డి వెనక బిళ్ళ కనబడదు.

అన్నకు చెప్పలేదు. అద్దం ముందు టోపీ పెట్టుకుని చూసుకుంటున్నాడు, చేతులు వణకడం లేదు. తెల్లారేసరికి అన్న రోడ్డుమీద ఉంటాడు, వెంకయ్య నా కొట్టు ముందు ఉంటాడు. ఎవరికి ఏమని చెప్పను...