ఆవిడ గొంతు

మార్చి 4, ఉదయం షిఫ్టు

కొంపలంటుకున్నా గొంతు పెంచనని మా అంబులెన్స్ కాల్‌సెంటర్‌లో నాకు పేరు. పదకొండున్నరకి ఒక పెద్దాయన కాల్. భార్య వంటింట్లో కూలబడిందట. స్పృహలో ఉన్నారా అని అడిగాను. ఉందన్నారు. ఎలా ఉందో ఆవిణ్ణే అడగమన్నాను. బాగానే ఉందంటోంది అన్నారు. నొప్పి? లేదంటోంది. స్పృహ ఉన్నట్టు టిక్ పెట్టాను. అందుకని అర్జెంటు వరసలో వెయ్యలేదు. అంబులెన్స్ వెళ్ళేసరికి నలభై నిమిషాలైంది.

సాయంత్రం నాలుగు

అంబులెన్స్ డ్రైవరు ఫోన్ చేశాడు. వాళ్ళు వెళ్ళేసరికి ఆవిడకి ఒంటిమీద స్పృహ లేదట. పెద్దాయన ఫోన్ చేసేటప్పటికే మాట పడిపోయి ఉంటుందని డాక్టరు అన్నాడట.

మరి బాగానే ఉందని ఎవరన్నారు?

మార్చి 5

కునుకు లేదు. ఉద్యోగం పోతుందని భయం. అది చిన్నది. ఆ కాల్‌లో ఆవిడ గొంతు విన్నానా లేదా అన్నది గుర్తు రావట్లేదు. ఆ భయం పెద్దది.

మార్చి 7

సూపర్‌వైజరమ్మ కూర్చోబెట్టి రికార్డింగ్ వినిపించింది. ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు. అన్నీ ఆయనవే. వెనకాల ఆవిడ మూలుగు కూడా లేదు. ఆయన అబద్ధమాడుతున్నట్టు లేదు. డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ, బంధువుల మధ్యా ఆవిడ బదులు ఎన్నేళ్ళుగా ఆయనే చెబుతున్నారో. పాపం, ఆవిడ నోరు విప్పకపోయినా ఆయనకి ఆ జవాబులు వినబడే ఉంటాయి.

నా తప్పు లేదని రాసి సంతకం పెట్టేసింది సూపర్‌వైజరమ్మ. "ప్రశ్నలన్నీ అడిగావు కదా, ఇంకేం చేస్తావు?" అంది.

తప్పు లేదంటే రేపూ ఇలాగే చేస్తానన్నమాట.

మార్చి 9

ఆసుపత్రిలో ఆవిడ పోయారు.

మార్చి 10

ఇవాళ ప్రతి కాల్‌లోనూ ఫోను పేషెంటు నోటి దగ్గర పెట్టమన్నాను. ఒకాయన విసుక్కున్నాడు. మా ఆవిడకి మాట్లాడటం చేతకాదు, నన్నడగండి అన్నాడు. పెట్టాల్సిందే అన్నాను. మొదటిసారి గొంతు పెంచాను. చాలాసేపటికి, "మంచినీళ్ళు" అంది ఒక ఆడగొంతు. అంబులెన్స్ పంపించి, హెడ్‌సెట్ తీసి బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

మార్చి 14

నాకు మూడు రోజులుగా జ్వరం. క్లినిక్‌కి వెళ్ళాం. ఎప్పట్నుంచి అని డాక్టరు నన్నే చూసి అడిగాడు.

"నిన్నట్నుంచేనండి. పెద్దగా ఏం లేదంటోంది" అన్నారు మా ఆయన.

నేనింకా నోరు తెరవలేదు. డాక్టరు రాసేసుకున్నాడు.