బంగళాలో కుంటి స్టూళ్లు

ప్రియమైన పోస్టమ్మకి,

నీ మొగుడు క్షేమం. నువ్వూ క్షేమమేనని నీ చేత్తో రాసి చెప్పు. ఫోన్లో నేను "తిన్నావా" అంటాను, నువ్వు "ఆఁ" అంటావు, అక్కడితో మన సంసారం అయిపోతుంది. ఉత్తరాలు రాసుకుందామన్నది నీ ఆలోచనే అయినా, బాగుందని ఒప్పుకుంటున్నాను.

మెట్ల పని పూర్తయింది. బంగళా పెద్ద హాల్లోంచి మేడ మీదికి వెళ్లే మెట్లు చెదలు తిని, కాలు పెడితే మూలిగేవని రాశానుగా. ఇప్పుడు ఏనుగు ఎక్కినా కిక్కురుమనవు. మేనేజరమ్మ ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి దిగి, ఏ మెట్టు పాతదో ఏది కొత్తదో తెలియట్లేదంది. నాకూ తెలియట్లేదని అబద్ధమాడాను. ఆ పూటకి ఆకలి వేయలేదు.

అసలు సంగతి ఇప్పుడు విను. ఈ ఎస్టేట్‌లో సెలవు రోజుల్లో సరదా కోర్సులు నడుపుతారు. ఒక గదిలో నీటిరంగుల బొమ్మలు, ఒక గదిలో పుస్తకాలకు అట్టలు కుట్టడం, తోటలో తేనెటీగల పెంపకం, పచ్చికలో బాణాలు వేయడం. వారమంతా ఉద్యోగాలు చేసి అలిసిపోయినవాళ్లు ఇక్కడికొచ్చి ఇంకో పని చేసి సేద తీరతారట. ఈసారి పాత గుర్రపుశాలలో వడ్రంగం కోర్సు పెట్టి నన్ను గురువుని చేశారు. ఒక పళ్ల డాక్టరు, రిటైరైన హెడ్మిస్ట్రెస్, కొత్తగా పెళ్లయిన జంట, ఇంకా కొందరు నా శిష్యులు. తలా ఒక స్టూలు చేయాలి.

రంపం పట్టుకున్న తీరు చూస్తే నాకు ఏడుపొచ్చింది. డాక్టరు ఒక్కడే బెజ్జం నీటుగా తొలుస్తాడు, అది ఆయనకి అలవాటైన పనే. మిగతావాళ్ల స్టూళ్లకి ఏ కాలు దారి దానిదే. అయినా నువ్వేం దిగులుపడకు. వాళ్లు పచ్చికలో భోజనానికి కూర్చున్నప్పుడు నేను తలుపు దగ్గరకి వేసి, ఒక్కో స్టూలూ తీసి, అక్కడ కాస్త చెక్కి, ఇక్కడ కాస్త బిగించి, మట్టం చేసి యథాస్థానంలో పెట్టేస్తున్నాను. తిరిగొచ్చి, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోతున్నారు. మురవనీ. నా షెడ్డులోంచి కుంటి స్టూలు బయటికి పోతే నేను తలెత్తుకు తిరగగలనా?

ఏడాదికోసారి ఇక్కడ హెరిటేజ్ డే చేస్తారు. ఆ రోజు బంగళా తలుపులన్నీ తెరుస్తారు, పాతకాలం బట్టలు కట్టుకుని గదులన్నీ తిప్పి చూపిస్తారు, గుర్రబ్బండి తోలుతారు. ఈ ఇంటికో పద్ధతి ఉంది. ఆ రోజు హాల్లోని పాత కుర్చీలకి తాడు కట్టేసి, వచ్చినవాళ్లని ఆ ఏడాది కోర్సుల్లో తయారైన వాటి మీదే కూర్చోబెడతారు. అంటే నా శిష్యుల స్టూళ్ల మీద. అంటే నా పేరు మీద. అది సవ్యంగా జరిగితే నన్ను పర్మనెంట్ చేసి, తోట వెనక క్వార్టర్ ఇస్తామన్నారు. రెండు గదులు, వంటింటి కిటికీకి ఎదురుగా పండ్ల చెట్లు. రోడ్డు మలుపులోనే పోస్టాఫీసు కూడా ఉంది. కౌంటర్లో మనిషి లేక పోస్ట్‌మాస్టరే స్టాంపులు అమ్ముకుంటున్నాడు. వెంటనే బదిలీకి దరఖాస్తు పెట్టు. ఫోను మొగుడిగా ఉండి ఉండి నాకు విసుగొచ్చింది.

నీ కోసం ఎదురుచూసే
మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రిగారికి,

మీ ఉత్తరం నా కౌంటర్‌కే వచ్చింది. ముద్రలు కొట్టే అతను కవరు చూసి, మీ ఆయన చేతిరాత కూడా చిత్రిక పట్టినట్టుందమ్మా అన్నాడు. ఆయన ముట్టుకున్నది ఏదైనా అంతే అన్నాను. గర్వంగానే అన్నాను. మెట్ల సంగతి ఆ రోజు లైన్లో నిలబడ్డ ప్రతివాళ్లకీ చెప్పాను. పెన్షన్ కోసం వచ్చిన పెద్దాయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. మీ మీద అభిమానం అనుకున్నాను, తీరా చూస్తే చెవుడట.

ఇక్కడ అంతా కులాసా. అమ్మాయీ అల్లుడూ వచ్చి వెళ్లారు. ఇల్లు ఏదో మారినట్టుందే అమ్మా, అని అమ్మాయి నాలుగు మూలలా తిరిగి చూసింది. ఏమీ మారలేదే అన్నాను. అల్లుడు మీ ఈజీచైర్లో కూర్చుని నిద్రపోయాడు. లేపడానికి మనసొప్పలేదు.

గుర్రపుశాలలో గురువుగారిని తలుచుకుంటే నవ్వొస్తోంది, ముచ్చటగానూ ఉంది. కానీ ఒక్క మాట. భోజనాల వేళ మీరు చేస్తున్న ఆ సర్దుబాటు మీ శిష్యులకి తెలుసా? తెలియకపోతే మీరే చెప్పేయండి. వాళ్లంతట వాళ్లకి తెలిసిన రోజు బాగుండదు.

కళ్లజోడు పెట్టుకుని రంపం పట్టండి. చలిగాలిలో బయట కూర్చుని బీరాలు పలక్కండి.

మీ
పోస్టమ్మ

*

ప్రియమైన పోస్టమ్మకి,

నీ నాలుక మీద మచ్చ ఉందేమో చూసుకో. నువ్వు అన్నట్టే అయింది.

హెడ్మిస్ట్రెస్ గారి స్టూలుకి ఒక కాలు ఎంత చెక్కినా దారికి రాలేదు. దాని మధ్యలో కన్నులా ఒక ముడి ఉంది, అక్కడ చెక్క మెలితిరిగిపోయింది. మంచి చెక్కతో ఇంకో కాలు చేసి బిగించాను. ఆవిడ భోజనం చేసి వచ్చి, స్టూలు తిరగేసి, మళ్లీ తిరగేసి, అందరి ముందూ "మేస్త్రిగారూ, నా కాలేది?" అంది. కొత్త పెళ్లికొడుకు ఫక్కున నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నేరుగా పొయ్యిలోకి వేసే చెక్కల కుప్ప దగ్గరికి వెళ్లి, వెతికి, తన కాలు తీసుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది.

మంచికే చేశానని చెప్పాను. అప్పుడు ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఇన్నేళ్లు పిల్లల పేపర్లు దిద్దాను. తప్పు పక్కన గీత పెట్టాను గానీ, ఒక్కరి జవాబు కొట్టేసి నా జవాబు రాయలేదు." డాక్టరు తన స్టూలు చేతిలోకి తీసుకుని, దీన్నీ ముట్టుకున్నారా అని అడిగాడు. ముట్టుకున్నాననక తప్పలేదు. అంత మంచి స్టూలుని ఆయన ఎవరిదో అన్నట్టు కింద పెట్టేశాడు.

మేనేజరమ్మ పిలిపించింది. అందరూ మళ్లీ మొదట్నించి చేస్తారట, నేను నోటితోనే చెప్పాలట, చేయి పెట్టకూడదట. హెరిటేజ్ డే నాడు హాల్లో అవే ఉండాలి. నాకది కుదరదంటే కోర్సు ఆపేసి, పర్మనెంట్ పోస్టుకి ఇంకో మేస్త్రిని చూసుకుంటారట. ఊరి పెద్దలంతా వచ్చి నా పేరు రాసి ఉన్న హాల్లో కుంటి స్టూళ్ల మీద ఊగుతుంటే, నేను పక్కన నిలబడి చూడాలి. చిన్నప్పట్నించి పట్టిన ఉలి ఇది. సంచి సర్దుకుని ఇంటికి వచ్చేద్దామనుంది.

బదిలీ సంగతి ఒక్క ముక్కైనా రాయలేదేం? దరఖాస్తు పెట్టావా లేదా?

ఒళ్లు మండుతున్న
మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రిగారికి,

జవాబు ఆలస్యమైంది. రెండుసార్లు రాసి చించేశాను.

ఇంటికి వచ్చేస్తానంటే కాదనడానికి నేనెవర్ని, ఇల్లు మీది. కానీ ఒకటి అడుగుతాను. పెళ్లయిన కొత్తలో మీకోసం ఒక నీలం చొక్కా కుట్టాను, గుర్తుందా? మీరు వేసుకుని అద్దంలో చూసుకుని, బాగుందన్నారు. మర్నాడు దర్జీ దగ్గరికి తీసుకెళ్లి కాలరు విప్పించి మళ్లీ కుట్టించారు. నిజంగానే బాగా కుదిరింది. చాలా ఏళ్లు తొడుక్కున్నారు. అది నేను కుట్టిన చొక్కా అని మాత్రం ఆ తర్వాత నేనెవరికీ చెప్పుకోలేదు. మళ్లీ సూది పట్టనూ లేదు.

మీరు కోపంతో ఆ పని చేయలేదని నాకు తెలుసు. హెడ్మిస్ట్రెస్ గారికీ తెలిసే ఉంటుంది. అందుకే గుమ్మంలో కూర్చుంది గానీ మిమ్మల్ని తిట్టలేదు.

ఆవిడ కాలు ఆవిడని పెట్టుకోనివ్వండి.

పోస్టమ్మ

*

ప్రియమైన పోస్టమ్మకి,

హెరిటేజ్ డే అయిపోయింది. మూడు రోజులైనా ఇంకా ఆ హడావుడి దిగలేదు.

నీ ఉత్తరం చదివి, సర్దబోయిన సంచి మళ్లీ మేకుకి తగిలించాను. తర్వాత వెళ్లి శిష్యులని పిలిచి మళ్లీ మొదలుపెట్టాం. చేతులు కట్టుకుని నిలబడ్డాను. అదెంత కష్టమైన పనో నాకు ఏ గురువూ నేర్పలేదు. కొత్త పెళ్లికూతురు ఉలి అడ్డంగా పెట్టినప్పుడల్లా నా వేళ్లు జివ్వుమనేవి. నోటితో చెప్పాను. వింటే విన్నారు, లేకపోతే చెక్కే చెప్పింది వాళ్లకి. హెడ్మిస్ట్రెస్ గారు ఆ ముడి ఉన్న కాలే మళ్లీ బిగించారు. మెలి ఎటు తిరిగిందో చూసి, దానికి తగ్గట్టు బెజ్జం వాలుగా తొలిచారు. నాకు తట్టలేదు ఆ ఉపాయం. తట్టదు కూడా, నేను అలాంటి చెక్కని ఎప్పుడో అవతల పారేసేవాణ్ణి.

ఆ రోజు నాకు ఇత్తడి బొత్తాల కోటు తొడిగించారు. అద్దంలో చూసుకుంటే బ్యాండు మేళం వాడిలా ఉన్నాను. జనం విరగబడ్డారు. గుర్రబ్బండి ఎక్కడానికి పిల్లలకంటే పెద్దవాళ్లే తోసుకున్నారు. నా మెట్లు ఆ కాళ్లన్నిటినీ మోసి ఒక్క మూలుగు మూలగలేదు. స్టూళ్ల సంగతి అడక్కు. డాక్టరుది తప్ప ప్రతిదీ కుంటిదే. కొత్త దంపతులు ఇద్దరి అత్తమామలనీ తెచ్చి వంతులేసి కూర్చోబెట్టారు. నా కోడలు చేసిందని ఒకావిడ, నా అల్లుడు చేశాడని ఇంకొకావిడ, హాలు హాలంతా వాళ్ల గొంతులే. నా చేతి పని చూసి మనుషులు మెచ్చుకోవడం చాలాసార్లు చూశాను. వాళ్ల పనిని వాళ్లే చూసుకుని అంత పొంగిపోవడం నా షెడ్డులో ఎప్పుడూ చూడలేదు. చెప్పొద్దూ, నాకూ ఛాతీ పొంగింది.

పోస్టు ఇచ్చారు. క్వార్టర్ తాళంచెవి నా జేబులో ఉంది.

బదిలీ గురించి ఇక అడగను. నువ్వు జవాబివ్వకపోవడమే జవాబని తెలుసుకునేంత తెలివి నాకూ ఉంది. నీ ఉద్యోగం, నీ ఊరు, నీ ఇల్లు. వీలు దొరికినప్పుడల్లా నేనే వచ్చి పోతుంటాను. నువ్వు బాగుంటే చాలు.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రిగారికి,

ఉత్తరం అందింది, జవాబు కావాలనే ఆపాను. బాగా రాశారు. కానీ అసలు సంగతి వదిలేశారు.

హెరిటేజ్ డే నాడు నేను వచ్చాను. సెలవు పెట్టి, జనంతో పాటు బస్సెక్కి వచ్చి, హాల్లో స్తంభం పక్కన నిలబడ్డాను. కోటు బాగానే ఉంది, బ్యాండు మేళం వాడిలా ఏమీ లేరు. పలకరిద్దామని రెండడుగులు వేసి ఆగిపోయాను. నేనున్నానని తెలిస్తే మీరు నాకోసం మంచిగా ఉంటారు. నేను లేనప్పుడు ఎలా ఉంటారో చూడాలనిపించింది.

మీకు నిజం చెప్పాలి. దరఖాస్తు మర్చిపోయి కాదు, రావడం ఇష్టం లేక పెట్టలేదు. మీరంటే ఇష్టం లేక కాదు. మీరు వెళ్లాక మొదటిసారి ఈ ఇంట్లో నేను మడతపెట్టిన దుప్పటి నేను మడతపెట్టినట్టే ఉంది. సర్దిన గిన్నెలు సర్దినట్టే ఉన్నాయి. గోడకి నేనే మేకు కొట్టి అమ్మాయి ఫొటో తగిలించాను. కాస్త పక్కకి వాలింది. రోజూ చూసుకుని మురిసిపోతున్నాను. అమ్మాయికి ఇల్లు మారినట్టు అనిపించింది అందుకే. మీ క్వార్టర్‌కి వస్తే ఇదంతా పోతుందని భయపడ్డాను.

ఆ రోజు హెడ్మిస్ట్రెస్ గారు నన్ను ఎవరో అనుకుని, రండమ్మా, ఇది నేనే చేశాను, అని తన స్టూలు మీద కూర్చోబెట్టారు. బాగానే ఊగింది. నేను లేచాక తలపాగా కట్టుకున్న ఒక భారీ మనిషి వచ్చి కూర్చుని, అటూ ఇటూ ఊగి, హాలంతా వినబడేలా అడిగాడు. "ఇంత పెద్ద బంగళాలో దీన్ని సరిచేయడానికి ఒక్క వడ్రంగి లేడా?" అందరూ మీ వైపు చూశారు. నేనూ చూశాను. హెడ్మిస్ట్రెస్ గారు తల దించుకున్నారు. మీ చేయి కోటు జేబులోకి వెళ్లింది, అందులో మీ చిన్న ఉలి ఉంటుందని నాకు తెలుసు. చేయి ఖాళీగా బయటికి వచ్చింది.

మీరు అన్నారు, "ఉన్నాడండీ, నేనే. అందులో సరిచేయాల్సిందేమీ లేదు."

ఆ మాట మీరు ఉత్తరంలో రాయలేదు. రాయదగ్గ మాటని మీకు తెలియదేమో. ఆవిడ తల ఎత్తారు. నేను స్తంభం చాటుకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. మెట్లు చూసి గర్వపడ్డాను, మీ చేతిరాత చూసి గర్వపడ్డాను. కానీ ఇన్నేళ్ల కాపురంలో మీ భార్యనని ఆ హాల్లో అందరికీ ఎలుగెత్తి చెప్పాలనిపించింది ఆ ఒక్క క్షణమే.

మర్నాడే దరఖాస్తు పెట్టాను. మీ పోస్ట్‌మాస్టరు ఫోన్ చేసి, ఎంత త్వరగా వస్తే అంత పుణ్యమమ్మా అన్నాడు. ఉత్తర్వు నిన్న వచ్చింది. సామాను కట్టడం మొదలుపెట్టాను, వచ్చే ఆదివారం బస్సు దగ్గరికి రండి.

వచ్చేముందు ఒక షరతు పెడదామనుకున్నాను. రాసి, కొట్టేశాను. షరతు పెట్టాల్సిన మనిషే అయితే అసలు వచ్చేదాన్నే కాదు.

ఆదివారం కోసం చూస్తూ,
మీ పోస్టమ్మ