హెడ్‌లైట్ రింగు మీద నీ బొట్లు

మాదాపూర్,
సెప్టెంబరు 1999

అమ్మకు దండాలు. ఒంట్లో బాగానే ఉంది, బుర్రే పనిచేయడం లేదు. హైటెక్ సిటీలో లిఫ్టు డ్యూటీ చేస్తూ, సారువాళ్ళు ఒక అంతస్తు చెబితే ఇంకో మీట నొక్కుతున్నాను.

నాన్న జావా బండికి ఇంజను పని అయిపోయింది. తుప్పు పట్టిన సామాన్లకు మళ్ళీ క్రోమ్ పూత వేయించాలని, ఆ పనిచేసే ఖాజా భాయ్‌కి ఇచ్చాను. పాతదాని మీదే పూత వేస్తే సగం ఖర్చే గానీ ఒక్క వానాకాలానికే పెచ్చులూడుతుందట. అంతా గీకి, రాగి, నికెల్ ఎక్కించాక క్రోమ్ వేస్తే నా నెల జీతం పోతుంది. అదే వేయమన్నాను.

అప్పుడాయన హెడ్‌లైట్ రింగు చూపించాడు. పైన వరుసగా మూడు గుంటలు. "గిది వానకు పట్టిన తుప్పు గాదు తమ్మీ. ఎవరో ఏండ్ల సంది గీ జాగలనే పసుపు కుంకుమ పెట్టిండ్రు, అది క్రోమును తినేసింది. గీకితే జాడ గూడ ఉండది. గీకాల్నా, వద్దా?"

ప్రతి దసరాకు నువ్వు పెట్టిన బొట్లవి. నాన్న పోయాక, ఇక నువ్వు పెట్టకూడదని మేనత్త అంటే మానేశావు. నిన్నడిగి చెబుతానని రింగు వెనక్కి తెచ్చుకున్నాను. డ్యూటీ సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

కందిపప్పు పంపకు, ఇంకా ఉంది. చెల్లి రేణుక కాన్పు ఎప్పుడన్నారు? దానికి నా దీవెనలు.

దసరాకు బండి మీదే వస్తాను. మళ్ళీ నువ్వే బొట్టు పెడతానంటే పాతవి గీకిస్తాను. లేదంటే రింగు అట్లాగే బిగించుకుని వస్తాను. ఏదో ఒకటి రాయించు.

నీ కొడుకు
కనకరాజు