అమ్మ వేరు కాపురం

అబిడ్స్,
జూన్ 3.

చి.ల.సౌ. భవ్యకి, నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసా అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను గానీ, కులాసా లేదు. ఫోన్లో చెబుదామంటే నా చెవుల సంగతి నీకు తెలిసిందే. అన్నేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడికి చెవులు ఎక్కడ మిగులుతాయి? నువ్వు అటునుంచి అరవడం, నేను ఇటునుంచి "ఆఁ?" అనడం, మధ్యలో ఫోను కంపెనీవాడు బాగుపడడం. అందుకే ఈ కాగితం.

మీ అమ్మ వేరు కాపురం పెడతానంటోంది. నాంపల్లి స్టేషన్ వెనక చిన్న పోర్షన్ చూసి అడ్వాన్సు కూడా ఇచ్చేసింది. మీ అన్నయ్య గౌతమ్ రోజూ ఆఫీసుకి గంట ముందే వెళ్లిపోతున్నాడు. మీ వదిన దివ్యశ్రీ వంటింట్లో తనలో తనే గొణుక్కుంటోంది. "ఈ వయసులో ఈవిడకిదేం బుద్ధి" అని నిన్న కుక్కర్‌కి చెప్పుకుంది. కింద వాచ్‌మన్ సాయన్న కూడా ఎవరితోనో, "గీ ఉమర్ల అమ్మ ఇల్లు మారుతదంట, ఏందో మరి" అంటున్నాడు. పరువు మెట్లు దిగిపోయింది.

నువ్వు చెబితే వింటుంది. కాస్త నచ్చజెప్పు.

ఇట్లు,
మీ నాన్న తాతారావు

తా.క.: కాకినాడలో వానలు మొదలయ్యాయా? ఇక్కడ మీ అమ్మ ఒక్కతే ఉరుముతోంది.


కాకినాడ,
జూన్ 10.

నాన్నగారికి, భవ్య నమస్కరించి రాస్తున్నది.

నచ్చజెప్పడమా? అమ్మ ఇన్నాళ్లకి మంచి పని చేసింది! కొడుకు పంచన పడి ఉండి కోడలి సణుగుడు వినాల్సిన ఖర్మ మీ ఇద్దరికీ ఏమిటి? మీ ఉత్తరం అందిన రోజే అన్నయ్యకి ఫోన్ చేసి కడిగేశాను. "వేరు పెట్టేంత బరువైపోయారా కన్నవాళ్లు?" అంటే, "నాకేం తెలీదు భవ్యా, నన్నెవరూ ఏమీ అడగలేదు" అని పెట్టేశాడు. వదిన ఫోను తీయనే లేదు. తప్పు చేసినవాళ్లు ఎలా తీస్తారు?

మీరిద్దరూ హాయిగా వెళ్లండి. నాంపల్లి అడ్రసు సాయన్నని అడిగి తీసుకుని, డబల్ కాట్ మంచం, మందపాటి పరుపు పంపిస్తున్నాను. ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగడానికి రెండు కుర్చీలు కూడా. పాలు పొంగించే రోజు చెబితే సెలవు పెడతాను.

ఇట్లు,
మీ కూతురు భవ్య

తా.క.: వదిన ఇక ఈ జన్మలో నాతో మాట్లాడదట. మీ చెవుల గురించి దిగులు పడకండి. మన ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు కాబట్టి మీకు పోయేదేమీ లేదు.


అబిడ్స్,
జూన్ 19.

చి.ల.సౌ. భవ్యకి, నాన్న ఆశీస్సులు.

నీ మంచం నాంపల్లి చేరింది, మీ అమ్మ చేరిన మర్నాడే. మీ అమ్మ దాన్ని చాలాసేపు చూసి, తెచ్చినవాణ్ణి "దీన్ని సగానికి కోయించవచ్చా?" అని అడిగింది. "గట్ల కోస్తే రెండు కాళ్లే మిగుల్తయమ్మా, నిలవడది" అన్నాడు వాడు. నేను గేటు బయట నిలబడి ఉన్నాను.

పిచ్చితల్లీ, వేరు కాపురం అంటే మేమిద్దరం అనుకున్నావా? మీ అన్నావదినలకి ఏ పాపమూ తెలియదు. మీ అమ్మ వేరు పడేది నా నుంచి. విడాకులట. లాయర్ని పెట్టింది. వచ్చే నెల కోర్టులో కౌన్సెలింగ్ అంటున్నారు. మనవలున్న మనిషికి విడాకులేమిటని ఆ నల్లకోటువాడైనా అడగలేదు.

కారణం అడుగుతావేమో. సున్నుండలు. మీ అమ్మ బియ్యం డబ్బా అడుగున దాచుకున్న సున్నుండలు నేను తిన్నాను. షుగరున్నవాణ్ణి, తప్పే. దానికి ఇంత శిక్షా? ఆ రోజు నుంచి మీ అమ్మ నామీద అరవడం మానేసింది. చాలా మెల్లగా మాట్లాడుతోంది. నాకు భయంగా ఉంది భవ్యా.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: మంచం పెట్టాక ఆ గదిలో నడవడానికి చోటు లేదు. వంటగట్టు దగ్గరికి మీ అమ్మ మంచం ఎక్కి దిగి వెళుతోంది.


కాకినాడ,
జూన్ 27.

నాన్నగారికి, భవ్య నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్యని క్షమించమని అడిగాను. వదినని అడగాలంటే ముందు ఆవిడ ఫోన్ తీయాలి.

అమ్మకి ఫోన్ చేసి, "సున్నుండల కోసం మొగుణ్ణి వదిలేస్తావా, సిగ్గులేదా?" అనేశాను. కన్నతల్లిని అలా అన్నాను. "కారణం మీ నాన్ననే అడుగు, ఆయనకి బాగా తెలుసు" అంది. గొంతు బొంగురుపోయి, ఏదో పరాయిమనిషి మాట్లాడినట్టుంది.

మొన్న మా ఆడపడుచు "మీవాళ్లు బాగున్నారా వదినా?" అంటే స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. జుట్టుకి రంగేసుకునే వయసులో అమ్మానాన్న విడిపోతున్నారని ఏడిస్తే ఎవరైనా నవ్వుతారు. కానీ చెప్పండి, ఇక పుట్టింటికి వెళుతున్నానని బయల్దేరితే నేను ఏ గుమ్మంలో సూట్‌కేసు దించాలి? నాకు మీరిద్దరూ ఒకే ఇంట్లో కావాలి. అంతే.

బాగా ఆలోచించాను. తప్పంతా మీ చెవులది. మీకు వినపడడం కోసం అరిచి అరిచి అమ్మ విసిగిపోయింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని మిమ్మల్ని అడిగితే పై అంతస్తువాళ్లు సరిపోయిందని చెప్పేవాళ్లు కదా! అందుకే మంచి చెవి మిషన్ పంపుతున్నాను. దాన్ని పెట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్లి "ఇక నువ్వు అరవక్కర్లేదు కమలా" అనండి. కౌన్సెలింగ్‌కి నేనూ వస్తాను. మీ పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
భవ్య

తా.క.: అమ్మకని సున్నుండలు కూడా చేసి, డబ్బాకి తాళం వేసి పంపుతున్నాను. అన్నయ్య నాంపల్లిలో ఇచ్చి వస్తాడు. మీకు చెవి మిషన్, అమ్మకి తాళంచెవి.


అబిడ్స్,
జూలై 5.

చి.ల.సౌ. భవ్యకి, నాన్న దీవెనలు.

మిషన్ అందింది. పెట్టుకుంటే ఈల వేస్తోంది. గన్‌ఫౌండ్రీలో ఒక షాపుకి తీసుకెళితే, ముందు చెవులు పరీక్ష చెయ్యాలి అన్నాడు. ఈ వయసులో నాకు పరీక్షలేమిటని వచ్చేశాను. దాన్ని తిరిగి పంపేస్తున్నాను, ఏమీ అనుకోకు.

నువ్వు కౌన్సెలింగ్‌కి రావద్దు. ఎండలు తగ్గలేదు, నీకు స్కూల్లో పాఠాలు చెప్పే పని ఉంది. మీ అమ్మ ఏదో ఒకటి చెబుతుంది, నువ్వు నమ్ముతావు. నా మాట విని అక్కడే ఉండు.

మీ అమ్మ వెళ్లాక ఇల్లు బావురుమంటోంది. హాల్లో గోడ గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందని నాకిన్నాళ్లూ తెలియదు. మీ అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నాంపల్లి వెళ్లి, అక్కడ ఒకసారి, ఇక్కడ ఒకసారి భోంచేస్తున్నాడు. లావెక్కుతున్నాడు.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: సున్నుండల డబ్బా నాంపల్లి వెళ్లే ముందు ఒక పూట ఇక్కడే ఉంది. తాళం బాగా నాసిరకం.


నాంపల్లి,
జూలై 16.

నాన్నగారికి, భవ్య రాస్తున్నది.

మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఈ గదిలో కూర్చోవడానికి ఇంకో చోటు లేదు.

నిన్న కోర్టులో మీ పక్కనే ఉన్నాను. ఆ కౌన్సెలర్ అడిగిన ప్రతి ప్రశ్నా మీ చెవిలో అరిచి చెప్పాను. మీరు "ఆఁ?" అన్నప్పుడల్లా మళ్లీ అరిచాను. వరండాలో జనం తొంగి చూశారు. అమ్మ తల వంచుకుని కూర్చుంది. అమ్మ మీద నాకెంత కోపం వచ్చిందో! ఈ ముసలాయన్ని ఎలా వదిలేస్తున్నావమ్మా అనుకున్నాను.

అప్పుడు మన వెనక నుంచి అటెండరు, మెల్లగా, "చాయ్ తాగుతరా సార్?" అన్నాడు.

మీరు తల తిప్పకుండా "పంచదార లేకుండా" అన్నారు.

కౌన్సెలర్ పెన్ను కింద పెట్టేసింది. అమ్మ నవ్వింది. నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వు కాదని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

ఇంటికొచ్చాక అడిగితే అప్పుడు చెప్పింది. "సున్నుండలు ఎక్కడ దాచానో మీ పిన్నికి ఫోన్లో గుసగుసగా చెప్పానే. మర్నాటికి లేవు. అప్పుడు అర్థమైంది. అరిపించినందుకు కాదే నా కోపం. వినపడదన్న ధైర్యంతో ఆయన పక్కనే కూర్చుని నా భయాలన్నీ చెప్పుకున్నాను. రొమ్ములో గడ్డ ఉందన్నారని, ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే ఆస్పత్రికి తిరుగుతున్నానని. గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాను. గోడ విందే భవ్యా. విని పేపరు తిప్పింది." గడ్డ ప్రమాదం కానిదేనట. ఆ సంగతి కూడా మీకు చెప్పిందట. దానికీ మీరేమీ అనలేదు.

అమ్మ చెబుతుంటే నాకు నా సంగతే గుర్తొచ్చింది. రెండోసారి కడుపు పోయి వచ్చిన వేసవి. హాల్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తూ, ఇక బతకాలని లేదన్నాను. నాన్నకి వినపడదులే అనుకునే అన్నాను. మీరు పడక్కుర్చీలో ఉన్నారు. నేను ఏడుపు ఆపాక వక్కపొడి ఇమ్మన్నారు. లేచి ముఖం తుడుచుకుని తెచ్చి ఇచ్చాను.

ఎందుకు నాన్నా? అమ్మతో మాట్లాడడం అంత కష్టమా?

ఇక మీ ఇద్దర్నీ కలపమని ఎవర్నీ అడగను. కాగితాల మీద సంతకం పెట్టేయండి. నా సూట్‌కేసు ఎక్కడ దించాలో తెలిసింది. మంచం పెద్దదే, నాకూ అమ్మకీ సరిపోయింది. రాత్రంతా రైళ్ల మోతే గానీ, అమ్మ మెల్లగా చెప్పిన ప్రతి మాటా నాకు వినపడింది.

మీరిక ఉత్తరాలు రాయకండి. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, తీయండి.

ఇట్లు,
భవ్య

తా.క.: ఫోన్లో నేను మాట్లాడలేకపోవచ్చు. ఏడుస్తానేమో కూడా. దయచేసి వక్కపొడి అడక్కండి.