ఎండ కాస్తుండగా ఆగిన మిషను

మే 4
చేతిరాత బాగోదు. అక్షరాలు వంకర, తప్పులు బోలెడు. ఐదో తరగతితో ఆగిన చదువు... కాగితం ఏమీ అనుకోదులే.
ఈరోజు డాబా మీద సోలారు ప్లేట్లు బిగించారు. ఇక పైడమ్మ ఆక్సిజన్ మిషను ఆగదు. బిగించినవాళ్ళు ఆ మాట అనలేదు. నేనే అనుకున్నాను. నా భార్య నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదింది. ఇప్పుడు మిషను ఊదితేగాని ఊపిరి ఆడదు.

మే 5
మంచి ఎండ. మిషను గుర్రుమంటోంది. ఆ చప్పుడు ఉంటేనే నాకు అన్నం దిగుతుంది.
"మావా, సూరీడుకి కూడా ఓ ముద్ద తియ్యి. మన కాడ పనికి సేరేడు" అంది పైడమ్మ. నవ్వింది. నవ్వితే దగ్గు.

మే 11
మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మిషను కీచుమని అరిచి ఆగిపోయింది.
మెట్లెక్కి చూశాను — ప్లేట్లు మెరుస్తున్నాయి. ఎండ నిప్పులు. మరి ఇదేమిటి?
కిందికి పరుగు. అవసరానికి ఉంచిన చిన్న ఆక్సిజన్ సిలిండరు తిప్పి గొట్టం పెట్టేసరికి ఆమె పెదాలు నేరేడు రంగు.
"ఎండ ఉన్నాది కదా మావా..."
కరెంటు వచ్చేదాకా సిలిండరు మీద ముల్లు చూస్తూ కూర్చున్నాను.

మే 12
లైన్‌మన్ సింహాచలం వీధి చివర కనిపించాడు. అడగడానికి నోరు రాక రెండుసార్లు దాటి వెళ్ళాను. అతనే పిలిచాడు.
"ఏటి పెద్నాన్నా, ఏటో అడగాలని తిరుగుతన్నావు?"
చెప్పాను.
"లైను పోతే నీ ప్లేట్లు కూడా ఆగిపోవాల. ఆగకపోతే నీ ఇంట్లో కరెంటు తీగలోకి వచ్చేస్తాది. స్తంభం మీద నానుంటాను కదా! సంపేస్తావేటి నన్ను?" నవ్వాడు.
లైనే ఎందుకు పోవాలి అన్నాను.
"ఇన్ని డాబాల మీంచి కరెంటు ఒక్కసారే వచ్చి పడతాది. మబ్బేస్తే ఒక్కసారే పోతాది. ట్రాన్స్‌ఫార్మరు సూడు, నీకంటే ముసిలిది. తట్టుకోవద్దేటి?"

మే 19
బొబ్బిలి నుంచి ఎలక్ట్రీషియన్ రమణ వచ్చాడు. బ్యాటరీ పెట్టి ఏవో తీగలు కలిపాడు. లైను పోయినా ప్లేట్లు నడుస్తాయట.
"ఒక్కటే తాతా. ఈ స్విచ్ ఎయ్యకముందు మీటరు కాడ ఫ్యూజు పీకాల. మరిసిపోయావో, కరెంటు బయటి తీగలోకి ఎల్లిపోద్ది. సింహాచలానికి సెప్పకు, ఒప్పుకోడు."
తల ఊపాను.

మే 21
కరెంటు పోయింది. ఫ్యూజు పీకి రొండిన దోపుకున్నాను. ఆ తర్వాతే స్విచ్. మిషను నడిచింది. ఫ్యూజు నడుముకి ఒరుసుకుంటూ ఉంటే, పీకానో లేదో అనుమానం ఉండదు.

మే 24
రెండుసార్లు పోయింది. రెండుసార్లూ రొండినే.

మే 30
పొద్దున ఈదురుగాలి. మూల స్తంభం దగ్గర తీగ తెగింది. అదే సమయానికి పైడమ్మకి దగ్గు తెర... కళ్ళు తేలేస్తోంది. స్విచ్ వేశాను. మిషను అందుకుంది. వీపు రాస్తూ కూర్చున్నాను. ఎంతసేపో.
రొండిన చెయ్యి పెట్టుకున్నాను. ఏమీ లేదు.
ఫ్యూజు మీటరు దగ్గరే ఉంది.
వీధిలో కేక. ఫ్యూజు పీకి పరుగెత్తాను. తీగ కలపడానికి స్తంభం ఎక్కిన సింహాచలం — నడుముకి కట్టుకున్న తాడుకి వేలాడుతున్నాడు. దించారు. బతికాడు. కుడి అరచెయ్యి కాలిపోయింది.
ఆ స్తంభం తర్వాత ఉన్నవి రెండే. మా ఇల్లు, అప్పన్న కిరాణా కొట్టు. అప్పన్నకి జనరేటరు ఉంది.
"ఒరే అప్పన్నా, జనరేటరు ఎట్టి మనిసిని సంపేస్తావురా!" గుంపులోంచి ఎవరో అరిచారు.
"నాను ఎయ్యనేదు బావా! అమ్మతోడు, అందులో డీజిలే నేదు!"
ఎవరూ వినలేదు. నేను అక్కడే ఉన్నాను. లైను పోతే ప్లేట్లు ఆగిపోతాయని అందరికీ తెలుసు, నా వైపు ఎవరూ చూడలేదు. నోరు తెరిచాను...
పైడమ్మ దగ్గరికని వెనక్కి వచ్చేశాను.

మే 31
రాయలేను.

జూన్ 1
అప్పన్న కొట్టుకి కరెంటు తీసేశారు. రేపు సాయంత్రం పెద్దల ముందు నిలబెడతారట.
పైడమ్మ అడిగింది — "ఆ యేళ ఫ్యూజు పీకేవా మావా?"
గోడవైపు చూశాను.
"నాను బతకడానికి సింహాచలం సావాలేటి?"
అంతే అంది. ఇంకా ఏదో అనాలనుకుంది, ఊపిరి చాలలేదు.

జూన్ 2
రమణ కలిపిన తీగలు పొద్దున్నే విప్పేశాను. పడమట మబ్బు. పైడమ్మ మాటిమాటికీ మిషను వైపు చూస్తోంది.
సింహాచలం ఎదుట నిలబడి చెప్పలేను. ఈ పుటలోనే రాసి, చింపి, అప్పన్న చేత పంపుతాను. ముందు అప్పన్నే చదువుకుంటాడు. చదువుకోనీ.

సింహాచలం,
అప్పన్న తప్పు లేదు. నీకు చెప్పకుండా బ్యాటరీ పెట్టించాను. ఆ రోజు నా ఇంటి కరెంటే నిన్ను కొట్టింది. ఫ్యూజు పీకాలని తెలిసీ పీకనిది నేను. నువ్వు ముందే చెప్పావు కూడా. సాయంత్రం పెద్దల ముందుకి నేనే వస్తాను.
అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నాను. బయటి తీగతో సంబంధం లేకుండా మిషను ఒక్కటీ నడిచే దారి ఏదైనా ఉందా? ఉంటే నీకే తెలియాలి.
ఇది రాస్తుండగా కరెంటు పోయింది. మీ పెద్దమ్మకి సిలిండరు పెట్టాను. ముల్లు సగానికి దిగింది. తిట్టాలనుంటే తిట్టు, కానీ జవాబు తొందరగా పంపు —