పరామర్శకు వచ్చినవాళ్లు

ఆళ్లగడ్డ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన జెస్సికాకు,

నేను, ఎలీషాను, ప్రేమతో రాస్తున్నాను. ప్రభువు దయవల్ల అమ్మ, పాప కెజియా, నేను ముగ్గురం బాగున్నాం. నువ్వూ అక్కడ ఆరోగ్యంగా ఉన్నావని నమ్ముతున్నాను. కింద రాయబోయేది చదివి నువ్వు కంగారుపడతావేమోనని, బాగున్నామన్న మాట ముందే గట్టిగా చెబుతున్నాను.

పోయిన వారం సెలవుకు వచ్చిన చాగలమర్రి అమ్మాయి చేత నువ్వు పంపిన ఉత్తరం అందింది. అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు తప్ప బాధ లేదంటోంది. పాపకు పంపిన గౌను భుజాల దగ్గర బిగుతైంది. నువ్వు వెళ్లినప్పటి కొలత గుర్తుపెట్టుకుని కొన్నట్టున్నావు. దాన్ని విప్పి కుట్టిద్దామని అమ్మ అంటే పాప ఒప్పుకోలేదు. బిగుతుగానే వేసుకుని తిరుగుతోంది.

ఇక నువ్వు అసలు అడిగింది: "ఆ రోజు అన్ని ఫోన్లు ఎందుకు చేసినారు? అత్త ఎందుకు ఏడ్చినాది? శుక్రవారం ఫోన్ చేస్తే పాప ఎందుకు మాట్లాడడం లేదు? ఏదో దాస్తాండారు" అని రాశావు. నిజమే, దాచాం. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు నీ పక్కన నువ్వు పనిచేసే ఇంటి మేడం పిల్లలు ఉంటారు, నా పక్కన కెజియా ఉంటుంది. అందుకే విజయమ్మక్క సెలవు ముగించుకుని కువైట్‌కు తిరిగి వస్తోందని తెలియగానే, ఆమె చేత పంపుదామని కాగితం ముందు కూర్చున్నాను. తీరిక దొరికినప్పుడు ఒంటరిగా కూర్చుని చదువు.

మన గ్రంథాలయానికి నాగజ్యోతి అనే కొత్త మేడం వచ్చిందని ఇంతకుముందు చెప్పాను కదా. ఒకప్పుడు నలుగురు ముసలివాళ్లు పేపర్ చదివి కునికే చోటును ఆమె ఊరందరిదీ చేసింది. పొద్దున చూపు ఆనని పెద్దవాళ్లకు రిటైరైన రాజశేఖర్ సారు పేపరు పైకి చదువుతాడు. సాయంత్రం బడి పిల్లలు వచ్చి హోంవర్కు చేసుకుంటారు. శనివారం ఆడవాళ్లకు అక్షరాలు నేర్పిస్తారు. అమ్మ, కూరగాయల నరసమ్మ అక్కడ పక్కపక్కనే కూర్చుంటారు. అమ్మ ఇప్పుడు బస్సు బోర్డు చదివి, "ఇది నంద్యాల బస్సు కాదు, కడపది" అని నాకే చెబుతోంది. నేను నంద్యాలలో మోటార్ల షాపు మూసి బస్సెక్కి వచ్చేసరికి చీకటి పడుతుంది. అప్పటిదాకా పాప ఎక్కడుంటుందన్న దిగులు ఆ గ్రంథాలయం వల్లే తీరింది.

ఆదివారాల్లో అక్కడ కథల పూట జరుగుతుంది. చిన్నా పెద్దా అందరూ చాప మీద కూర్చుంటారు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. పోయిన నెలలో ఒక ఆదివారం, ఇంట్లో మనిషి గురించి చెప్పమని మేడం అడిగిందట. ఆ రోజు నేను అవుకులో ఒక రైతు మోటారు కాలిపోతే వెళ్లాను. అమ్మ చర్చిలో ఉండిపోయింది. కెజియా నరసమ్మ చేయి పట్టుకుని వెళ్లింది. దాని వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, "మాయమ్మ కువైట్‌లో చచ్చిపోయినాది" అని చెప్పిందట.

జెస్సికా, ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకో. నాకూ ఇది రాయడం కష్టంగా ఉంది.

పిల్ల ఏడవలేదట. నెమ్మదిగా చెప్పి కూర్చుందట. అంత చిన్నపిల్ల అలా చెబితే ఎవరు అనుమానిస్తారు? నేను అవుకు నుంచి వచ్చి మన సందు మలుపు తిరిగేసరికి మన గడప ముందు చెప్పులే చెప్పులు. లోపలి నుంచి అమ్మ గుండెలు బాదుకునే చప్పుడు. అమ్మకే ఏదో అయిందనుకుని పరుగెత్తాను. అమ్మ నేల మీద పడి ఉంది. నరసమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు చల్లుతోంది. మేడం అరటిపండ్ల సంచి పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. రాజశేఖర్ సారు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ధైర్యంగా ఉండు ఎలీషా. ఇంత దుఃఖం ఒక్కనివే మోస్తాండావా అప్పా? మాకు చెప్పకూడదా?"

"ఏం దుఃఖం సార్?"

"నీ భార్య సంగతి. పాప చెప్పినాది."

అమ్మ ఒక్కసారిగా లేచి నా చొక్కా పట్టుకుంది. "రేయ్, నా కోడలు పోతే నాతో చెప్పవా? శవాన్ని యాడ పెట్టినారు రా? తెప్పిస్తాండావా లేదా?"

ఇది అబద్ధమని నాకు వెంటనే తెలిసి ఉండాలి కదా? తెలియలేదు. వార్త నాకంటే ముందు వీళ్లకు చేరిందేమో, నేను అవుకులో సిగ్నల్ లేనిచోట ఉన్నప్పుడు ఎవరైనా ఫోన్ చేశారేమో, అమ్మ ఫోన్ పాప ఎత్తిందేమో అనుకున్నాను. "ఎవురు చెప్పినారు పాపకు? ఎవురు ఫోన్ చేసినారు?" అని అరిచాను. నీకు ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాను. స్విచ్ఛాఫ్. సారు తన ఫోన్ నుంచి చేశాడు. మేడం చేసింది. అందరికీ అదే మాట.

కెజియాను వెతికితే మంచం కింద దొరికింది. "నీకు ఎవరు చెప్పినారు మేయ్?" అని అడిగితే ఇంకా లోపలికి జరిగింది. నేను చెయ్యెత్తాను. అంత ఏడుపులోనూ అమ్మ నా చేయి పట్టుకుంది. కొట్టలేదు, కానీ ఎత్తిన చెయ్యిని పాప చూసింది.

ఆ రాత్రి ఎవరూ ఇళ్లకు పోలేదు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. నీ ఆరోగ్యం కోసం ప్రార్థించాలో, నీ ఆత్మ కోసం ప్రార్థించాలో ఆయనకూ తెలియక మధ్యలో ఆగిపోయారు. విజయమ్మక్క కువైట్‌లో తనకు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేస్తూ కూర్చుంది. మరుసటి రోజు మధ్యాహ్నం నువ్వే ఫోన్ చేశావు. "ఏందప్పా ఇన్ని ఫోన్లు? మేడం వాళ్లు ఎడారిలో డేరాలు వేసుకుంటే ఆడికి పోయింటి. చార్జింగు లేదు" అని విసుక్కున్నావు. నీ విసుగు అంత తియ్యగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. నేను "ఊరికే" అన్నాను. అమ్మ వెనక నుంచి ఏడ్చింది. రాజశేఖర్ సారు గోడ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం పాపను బండి మీద ఎక్కించుకుని ఊరి బయటకు తీసుకుపోయాను. ఒక శనగ చేను గట్టు మీద కూర్చున్నాం. తనే చెప్పింది.

"అందరూ అడుగుతారు నాయనా. మీయమ్మ ఎప్పుడొస్తాది, ఎప్పుడొస్తాది అని. ఈస్టర్‌కు వస్తాదని చెప్తి. రాలా. క్రిస్మస్‌కు వస్తాదని చెప్తి. రాలా. బళ్లో నవ్వినారు. చచ్చిపోయినోళ్లను ఎప్పుడొస్తారని ఎవురూ అడగరు గదా."

ఈస్టర్ అని చెప్పిందీ, క్రిస్మస్ అని చెప్పిందీ మనమే. దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. కట్టెలా బిగుసుకుని కూర్చుంది.

ఆ తర్వాత పాపకు జ్వరం వచ్చింది. నంద్యాలలో పిల్లల డాక్టరుకు చూపించాను. ఒంట్లో ఏమీ లేదు, దిగులు అన్నాడు. జ్వరం తగ్గింది గానీ గ్రంథాలయానికి పోనంది. నీతో మాట్లాడడానికీ రాలేదు. ట్యూషన్‌కు పోయిందని నేను నీకు చెప్పిన శుక్రవారాల్లో పాప ఇంట్లోనే, తలుపు వెనకే ఉంది. నీ గొంతు వింటుంది. దగ్గరికి రమ్మంటే, "అమ్మ చచ్చిపోయినాదని చెప్తి గదా, అమ్మకు కోపం వస్తాది" అంటుంది. ఇది నీకు చెప్పలేక నేను పడిన నరకం ఆ దేవునికే తెలుసు. సాయంత్రాలు షాపులో చేతులు పని చేసేవి, మనసు మాత్రం మన గుమ్మం దగ్గరే ఉండేది. కొందరు మాటలు కూడా అన్నారు. కన్నతల్లిని చంపిన పిల్లను మా పిల్లల పక్కన కూర్చోబెట్టవద్దని ఒకామె మేడంతో చెప్పిందట.

నాగజ్యోతి మేడం ఇంటికి వచ్చింది. పాపను ఏమీ అడగలేదు. అమ్మతో, "ఈ ఆదివారం కథల పూట ఉంది, మీరిద్దరూ వస్తే సంతోషం" అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఈ రోజు పొద్దున నేను షాపువాళ్లకు రానని చెప్పేశాను. పాప తనంతట తానే నువ్వు పంపిన గౌను వేసుకుని వచ్చింది. పాప, దాని జేజి, నేను ముగ్గురం వెళ్లాం. చాప మీద పిల్లలు, పెద్దలు, నరసమ్మ, ఆ మాటన్న ఆమె కూడా ఉన్నారు. ఎవరైనా ఒక్క మాటంటే పిల్ల మళ్లీ మంచం కిందికి పోతుందేమోనని భయం. కొందరు చెప్పాక కెజియా లేచింది. నేను పట్టుకోబోతే నా చేయి విడిపించుకుంది.

"మాయమ్మ చచ్చిపోలేదు. నేను అబద్ధం చెప్తి. మా జేజి పడిపోయినాది నా వల్ల. మాయమ్మ కువైట్‌లో వేరేవాళ్ల పిల్లలకు అన్నం పెడతాది. ఎప్పుడొస్తాదని నన్ను అడగొద్దండి. నాకు తెల్దు. మా నాయనను అడగండి."

నరసమ్మ, "అట్లే మేయ్, నిన్నడగం" అంది. మేడం చప్పట్లు కొట్టించలేదు. తర్వాత ఎవరు చెబుతారని అడిగింది, అంతే. రాజశేఖర్ సారు తన చిన్నతనంలో బావిలో పడిన సంగతి చెబితే అందరూ నవ్వారు. పాప కూడా నవ్వింది. ఇన్నాళ్ల తర్వాత దాని పళ్లు చూశాను.

నువ్వు ఉత్తరం చివర ఒక మాట అడిగావు, ఇంకో రెండేళ్లు అక్కడే పనికి ఒప్పుకోమంటావా అని. ఫోన్‌లో నీ ఇష్టమన్నాను. అది నా నోటి మాట. మేడ మీద గది వేయాలని నీకు ఉందని తెలుసు. నాకూ ఉండింది. ఇప్పుడు లేదు.

గ్రంథాలయం గడప దాటేలోపలే అడగడం మొదలుపెట్టారు. పిల్ల చెప్పినట్టే దాన్ని వదిలేసి నన్ను పట్టుకున్నారు. "ఏమప్పా ఎలీషా, ఎప్పుడొస్తాది నీ భార్య?" అని నరసమ్మ అడిగింది. సారు అడిగాడు. పిల్లను దూరంగా ఉంచమన్న ఆమె కూడా అడిగింది. పాప నా పక్కనే నిలబడి నా నోటి వైపు చూస్తోంది. నిన్ను ఒక్క మాట అడగకుండా, "ఎండాకాలం సెలవులకు వస్తాది, ఇంక పోదు" అని అందరి ముందూ చెప్పేశాను.

పాప అది విన్నది. ఇప్పుడు జేజి పక్కన పడుకుని ఉంది, నిద్రపోవడం లేదు. ఇంతవరకు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. వస్తున్నానని నువ్వు చెప్పేదాకా చెప్పదు.

ఇట్లు,
కెజియా నాయన,
ఎలీషా.